ఇటుకలు పీక్కుపోయినోళ్ళు

తిరుపతి నుంచి పాండిచ్చేరికి జనం ఎందుకు పోతారో నేను చెప్పక్కర్లేదు. ఇంట్లో మాత్రం బీచి అనే చెప్తారు. ఆ ఊరికి దక్షిణాన నాలుగు కిలోమీటర్ల దూరంలో, అరియాంకుప్పం ఏటి ఒడ్డున అరికమేడు అనే దిబ్బ ఒకటుంది. దాదాపు రెండు వేల ఏళ్ళ కిందట మధ్యధరా సముద్రం వైపు నుంచి ద్రాక్షసారా జాడీలు వచ్చి దిగిన రేవు అది. మనవాళ్ళ పాండిచ్చేరి యాత్రలకి చరిత్ర మద్దతు గట్టిగానే ఉందని మా స్టాఫ్‌రూములో జోకు.

అక్కడికి పోయినవాళ్ళు మామిడి తోపుల మధ్య మొండిగోడల ముందు ఫోటో దిగి, రోమన్ల గోడ అని వాట్సాప్‌లో పెడతారు. అది రోమన్లది కాదు. 18వ శతాబ్దంలో ఫ్రెంచి మిషనరీలు కట్టుకున్న భవనం. రోమ్‌తో వ్యాపారం నడిచిన కాలం నాటి గోడ ఒక్కటీ అక్కడ నేలమీద నిలబడి లేదు. ఎందుకు లేదు అన్నదే నాకు చాలా రోజులుగా రోమ్ కంటే ఆసక్తిగా ఉన్న విషయం.

నేను డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్తాను. మా నాయన తాపీమేస్త్రీ. కొర్లగుంటలో, ఎమ్మార్‌పల్లిలో ఆయన చేయి పడిన ఇళ్ళు చాలా ఉన్నాయి. ఇప్పుడు పనికి పోవడం మానేశాడు కానీ, ఎవరింట్లో గోడ కనపడినా గోరుతో సిమెంటు గీకి చూసే అలవాటు మానలేదు. నాకు పురావస్తు శాస్త్రం చెప్పిన వాళ్ళలో సగం మంది ఎస్వీ యూనివర్సిటీ మాస్టర్లు, మిగతా సగం మా నాయన.

ముందు వీలర్ సంగతి చెప్పాలి. మార్టిమర్ వీలర్ 1944లో భారత పురావస్తు శాఖకి డైరెక్టర్ జనరల్‌గా వచ్చాడు. మద్రాసు మ్యూజియం బీరువాలో ఒక జాడీ ముక్క ఆయన కంట్లో పడింది. రెండు చెవులు, పొడుగు మెడ, అడుగున మొన ఉండే ఆంఫొరా రకం. పాండిచ్చేరి దగ్గర దొరికిందంటే అక్కడికి పోయాడు. అక్కడ ఫ్రెంచివాళ్ళు దాచిపెట్టిన వాటిలో ఇటలీలోని అరెజ్జో ఊరి ఎర్ర పళ్ళేల ముక్కలు కనిపించాయి. 1945లో తవ్వకం మొదలైంది.

ఆ పళ్ళేల మీద ఆయనకి అంత మోజు ఎందుకంటే, అప్పటికి దక్షిణాదిలో ఒక కుండపెంకు చేతికిస్తే ఇది ఫలానా శతాబ్దానిది అని గట్టిగా చెప్పే దారి లేదు. అరెజ్జో పళ్ళేలు అలా కాదు. అవి ఎప్పుడు మొదలయ్యాయో, ఎప్పుడు ఆగిపోయాయో ఇటలీలో లెక్క ఉంది. కొన్నింటి మీద కమురి, ఇట్టా అని తయారుచేసిన కార్ఖానాల ముద్రలు కూడా ఉంటాయి. క్రీ.శ. 1వ శతాబ్దం సగం గడిచేసరికి వాటి కాలం అయిపోయింది. కాబట్టి అదే పొరలో పక్కన పడున్న మన పెంకుకీ సుమారుగా ఆ తేదీ వేసుకోవచ్చు. రెండేళ్ళ తర్వాత కర్ణాటకలో బ్రహ్మగిరి తవ్వినప్పుడు వీలర్ ఈ తేదీనే ఆసరాగా పట్టుకున్నాడు. మన వైపు పాత దిబ్బల కాలనిర్ణయాలన్నిటికీ ఎక్కడో ఒకచోట అరికమేడు దారం తగులుతుంది.

అరికమేడులో కింది పొరలు నీటిమట్టానికి దిగువన ఉంటే పంపులు పెట్టి తోడుకుంటూ తవ్వారు. ఉత్తరం వైపు నూట యాభై అడుగుల పొడుగు కట్టడం ఒకటి బయటపడింది, గిడ్డంగి అన్నాడు వీలర్. దక్షిణాన ఇటుకల తొట్లు, వాటికి కాలువలు. సన్నబట్టలకి రంగులద్దే చోటు అన్నాడు. శ్రీకాళహస్తి కలంకారీ పనివాళ్ళని ఎవరైనా తీసుకుపోయి ఆ తొట్ల ప్లాను చూపిస్తే ఏమనేవాళ్ళో.

అయితే ఆ గోడల్లో చాలా భాగం వీలర్‌కి గోడలుగా దొరకలేదు. గోడ ఉండాల్సిన చోట కందకం దొరికింది. ఎవరో వెయ్యేళ్ళ తర్వాత వచ్చి, గోడ వెంబడే తవ్వుకుంటూ పోయి, పునాది దాకా ఇటుకలు ఎత్తుకుపోయారు. తవ్వకంలో అలాంటి కందకాన్ని గుర్తుపట్టడం ఒక పని. చుట్టూ ఉన్న మట్టి ఏళ్ళ తరబడి అణిగి, పొరలు పొరలుగా గట్టిగా ఉంటుంది. కందకంలో పడిన మట్టి వదులుగా, కలగాపులగంగా ఉంటుంది. కరణీ మొనతో గీస్తే గట్టి మట్టి దగ్గర గీత నున్నగా పడుతుంది, వదులు మట్టిలోకి రాగానే గరగరమని చెదురుతుంది. ఆ మార్పు పట్టుకుని పోతే లేని గోడ ప్లాను కాగితం మీద వస్తుంది. అందులో రాలిన చిన్నాచితకా వస్తువులే ఆ పీకుడు ఎప్పుడు జరిగిందో చెప్పే సాక్ష్యం.

అరికమేడులో ఆ సాక్ష్యం ఏమిటంటే చోళుల నాణేలు, సెలడాన్ అనే లేత ఆకుపచ్చ చైనా పింగాణీ ముక్కలు. 11, 12 శతాబ్దాలవి.

ఇక్కడ నాకు ఆగాలనిపిస్తుంది. వీలర్‌కి అనిపించలేదు, ఆయన వెతుకుతున్నది రోమ్‌ని. కానీ చూడండి. 1వ శతాబ్దంలో ఇటలీ పళ్ళెం దిగిన రేవులో 11వ శతాబ్దంలో చైనా గిన్నె దిగింది. ఇటలీ పళ్ళేనికి పుస్తకాల్లో అధ్యాయాలున్నాయి. చైనా గిన్నెకి, పాత ఇటుకలు దొంగిలించిన జనం ఫలానా కాలం వాళ్ళు అని చెప్పే ఉద్యోగం ఒక్కటే దక్కింది. ఆ గిన్నెలో అన్నమో కూరో పెట్టుకుని తిన్నవాళ్ళు దరిద్రులు కాదు కదా. కట్టుకోడానికి ఇటుకలు కావాల్సినవాళ్ళు, అంటే ఏదో కడుతున్నవాళ్ళు. మా శాస్త్రంలో వాళ్ళకున్న పేరు మాత్రం దొంగలే.

ఈ సంగతి మా నాయనకి చెప్పినప్పుడు ఆయన ఇటుక సైజు అడిగాడు. అరికమేడుది అప్పటికి నాకు గుర్తు లేదు. మన గుడిమల్లంలో దొరికిన శాతవాహనుల నాటి ఇటుక లెక్క నోటికొచ్చు: 42 సెంటీమీటర్ల పొడవు, 21 వెడల్పు, 6 మందం. సుద్దముక్కతో వరండాలో నేలమీద గీసి చూపించినాను. ఆయన చెయ్యి పెట్టి కొలిచాడు.

"మూరకి రెండేళ్ళు తక్కువ. జానకి కొంచెం తక్కువ. మన ఇటుకలు మూడు పెట్టు రా ఇది" అన్నాడు. నేను తర్వాత లెక్క వేసి చూస్తే సరిగ్గా మూడింతలే వచ్చింది. ఒక్కోటి తొమ్మిది, పది కిలోలు తూగుతుంది.

"ఇంత పెద్దది చేసినోడు మందం ఎందుకు పెంచలేదో తెలుసునా?" అని ఆయనే అడిగి, ఆయనే చెప్పాడు. "మందం పెంచితే బట్టీలో నడిమద్యన పచ్చిగా ఉండిపోతాది. పైన కాలినట్టు కనపడతాది, గోడకి పెట్టినాక నీళ్ళు తాగి పొడి రాలతాది. ఆరు సెంటీమీటర్లంటే లోపలిదాకా కాలింటాది. ఇట్లాంటి ఇటుక నేలలో వెయ్యేండ్లు ఉండింది అంటే చెడిపోయుండదు. దాన్ని చూసినాక కొత్తది ఎవుడు కాలుస్తాడు? కట్టెలు ఊరికే వస్తాయా?"

దేంతో కట్టినారని అడిగాడు. బంకమట్టితో కట్టిన గోడలైతే పీకడం సుళువంట. సున్నంతో కట్టిన గోడ పీకితే ఇటుక విరుగుతుంది కానీ సున్నం వదలదు. మట్టిదైతే గడ్డపార మొన ఆనిస్తే చాలు, ఇటుకకి ఇటుక లేచొస్తుంది, కొడవలి వెనక తట్టితే శుభ్రం. "అడుగు వరస మాత్రం వదిలేసుంటారు చూడు" అన్నాడు. చెమ్మకి నాని ఉంటుంది కాబట్టి. విరిగిన అర ఇటుకలు, ముక్కలు అక్కడే పారేసి మట్టి నెట్టేసి పోతారు. నేను సెక్షన్ డ్రాయింగుల్లో, అంటే తవ్విన గుంట గోడలో కనపడే పొరల బొమ్మల్లో, చూసినవన్నీ ఆయన అరికమేడు పేరు కూడా సరిగ్గా పలకకుండా వరసగా చెప్పుకుంటూ పోయాడు. తిరుపతిలో పాత మిద్దెలు పడగొట్టి హోటళ్ళు లేపేటప్పుడు ఇటుకలు, టేకు తలుపులు, కడ్డీలు ఎక్కడికి పోతాయో ఆయనకి తెలుసు. ఆ వ్యాపారంలో ఉన్న ఎవరినీ ఆయన దొంగ అనలేదు.

ఒక కాలం మీద మోజుతో తర్వాతి కాలాల్ని చెత్తగా చూసే ఈ తప్పు రోమ్‌లోనే ఎక్కువ జరిగింది. 1900లో జాకొమో బోని అనే ఆయన అక్కడి ఫోరమ్‌లో 17వ శతాబ్దపు చర్చిని పడగొట్టించి, దాని కింద ఉన్న 6వ శతాబ్దం చర్చిని బయటికి తీశాడు. ఆ 6వ శతాబ్దం చర్చి కూడా రోమన్ చక్రవర్తుల నాటి కట్టడంలో దూరి కాపురం పెట్టిందే! ఫ్రాన్సులో ఆర్ల్ అనే ఊళ్ళో రోమన్ల గుండ్రటి క్రీడాస్థలి లోపల మధ్యయుగం నుంచి 200కి పైగా ఇళ్ళు, రెండు చర్చిలు ఉండేవి. గోడే కోట, లోపల ఊరు. 19వ శతాబ్దంలో అన్నీ ఊడ్చేసి 'అసలు' కట్టడం చూపించారు. ఇప్పుడు అందులో ఎద్దుల పోటీలు పెడతారు.

దీనికి విరుగుడు కూడా రోమ్‌లోనే దొరికింది. క్రీ.పూ. 13లో కట్టిన బాల్బస్ నాటకశాల వెనకభాగాన్ని 1981 నుంచి డానియేలె మనకోర్డా బృందం తవ్వింది. రోమన్ పొర కోసం పై పొరలు చెత్తలో పోయకుండా, ఏ పొరకి ఆ పొరే ముఖ్యం అనుకుని తవ్వారు. ఆ చోటిని క్రిప్టా బాల్బి అంటారు, ఇప్పుడు మ్యూజియం. అక్కడ 7వ శతాబ్దం నాటి చెత్తకుప్ప ఒకటి దొరికింది. రోమ్ అప్పటికి చచ్చి పడుందని పుస్తకాలు చెప్పే కాలం అది. కుప్పలో లోహం, ఎముక, గాజు పనిచేసిన కార్ఖానా చెత్త. ఉత్తర ఆఫ్రికా నుంచి, తూర్పు మధ్యధరా నుంచి వచ్చిన ఆంఫొరాలు. ఊరు బతికే ఉంది, సరుకు తెప్పించుకుంటూనే ఉంది. ఆ తర్వాత అదే చోట సున్నపు బట్టీ పెట్టి పాలరాళ్ళు కాల్చుకున్నారు. శిల్పాలు కూడా అలాగే బట్టీల్లో పోయాయని చెప్పి నేను బాధపడుతుంటే మా నాయన, "పాలరాయి కంటే మంచి సున్నం ఏ రాయి ఇస్తాది?" అన్నాడు. అమరావతి స్తూపం పలకలకి పట్టిన గతి తెలిసిన తెలుగువాడిగా ఆ మాట మింగుడుపడదు. మేస్త్రీ కొడుకుగా కాదనలేను.

నెల్లూరు సంగతి ఒకటి ఇక్కడే చెప్పేస్తాను. 1786 ప్రాంతంలో ఒక రైతు నాగలి ఇటుకలకి తగులుకుంది. తవ్వితే పాడుబడ్డ చిన్న గుడి ఆనవాళ్ళు, కింద ఒక కుండ, కుండలో రోమన్ బంగారు నాణేలు: ట్రాజన్, హేడ్రియన్, ఫాస్టినా రాణి. పాత బంగారం రేటుకి అమ్మేస్తే చాలావరకు కరిగించేశారు. అంతకు ముందు మద్రాసు గవర్నరుగా చేసిన డేవిడ్సన్ రాసిన ఉత్తరం వల్ల మనకి తెలిసింది. ఎన్ని ఫాస్టినాలు ఎవరి మెడలో పుస్తెలయ్యాయో!

అసలు అరికమేడు ఎప్పుడు 'అయిపోయింది'? వీలర్ లెక్కలో క్రీ.శ. 200 ప్రాంతానికి కథ ముగిసింది. 1989 నుంచి 1992 దాకా విమలా బెగ్లీ మళ్ళీ తవ్వాక రెండు వైపులా సాగింది. రోమన్ల వ్యాపారానికి ముందే అక్కడ ఊరుంది, ఆ తర్వాత కూడా శతాబ్దాల పాటు మనుషులున్నారు. వీలర్ మధ్యధరా పోలిక చూసిన చుక్కల వరసల పళ్ళేలు కూడా మన దేశపు మట్టితో చేసినవే అని తర్వాత తేలింది. ఆ బృందంలో పూసల సంగతి చూసినాయన పీటర్ ఫ్రాన్సిస్. సముద్రాల మీద ఆఫ్రికా నుంచి ఆగ్నేయాసియా దాకా పోయిన చిన్నచిన్న ఒంటిరంగు గాజు పూసలకి అరికమేడు తొలి కార్ఖానాల్లో ఒకటని ఆయన వాదం. ఆ పూసల్ని అదే పద్ధతిలో మన కాలందాకా చేస్తూ వచ్చిన ఊరు ఎక్కడుందో ఆయన వెతుక్కుంటూ వచ్చాడు. అది పాపానాయుడుపేట. ఏర్పేడు మండలం, మన జిల్లాలోనే.

నేను ఎం.ఏ. చదివేటప్పుడు నాయనతో కలిసి పోయి చూశాను. కొలిమిలో కరిగిన గాజుని ఇనప కడ్డీకి చుట్టి, బండ మీద దొర్లించి, పెద్ద ముద్దలా చేస్తారు. లడ అనే ఇనప గొట్టాన్ని ఆ ముద్ద మధ్యలోకి దించి బొక్క నిలబెడతారు. దాన్ని మళ్ళీ కొలిమిలో పెట్టి, ఎదురుగా ఇంకో వాకిలి దగ్గర కూచున్నతను కొక్కెంతో మొన పట్టుకుని లాగడం మొదలుపెడతాడు. తీగపాకం సాగినట్టు గాజు సాగుతూనే ఉంటుంది, లోపల బొక్క మూసుకోకుండా. చేయి ఆగితే గొట్టం లావవుతుంది, తొందరపడితే సన్నబడుతుంది. అందుకని ఆయన ఎవరితోనూ మాట్లాడడు. గజం పొడుగు ముక్కలు విరిచి, కట్టగా పట్టుకుని, నిలబెట్టిన కత్తి అంచు మీద తరుగుతారు. ఆ ముక్కల్ని బూడిదలో కలిపి సెగ మీద తిప్పితే అంచులు నునుపు తేలతాయి, బూడిద బొక్కలో ఉంటుంది కాబట్టి పూడదు. మా నాయన పూసల్ని అసలు చూడలేదు, కొలిమి వాకిళ్ళు ఏ దిక్కుకి పెట్టారో అదే చూస్తూ నిలబడ్డాడు.

ఆ పనివాళ్ళ తాతముత్తాతలు అరికమేడు నుంచి వచ్చినవాళ్ళే అయ్యుంటారని ఫ్రాన్సిస్ అంచనా. రక్తసంబంధం సంగతి నేను వాదించను. పద్ధతి మాత్రం ఒకటే, అది కళ్ళారా చూశాను. ఊరు చచ్చిందని తేదీ వేసిన తర్వాత కూడా పని నడిచిందంటే, తేదీ వేసింది ఊరికి కాదు, ఇటలీ నుంచి వచ్చే సరుకుకి.

పాపానాయుడుపేట దాకా పోయినవాళ్ళకి గుడిమల్లం పక్కనే. స్వర్ణముఖి ఒడ్డున ఉంటుంది. అయిదడుగుల లింగం, దాని ముందు భాగంలో మరుగుజ్జు యక్షుడి భుజాల మీద నిలబడిన శివుడు. కుడిచేతిలో వెనక కాళ్ళు పట్టుకున్న పొట్టేలు, ఎడమచేతిలో చిన్న పాత్ర, భుజం మీద గొడ్డలి. క్రీ.పూ. 2, 1 శతాబ్దాలదని ఎక్కువమంది మాట. యూట్యూబులో గుడిమల్లం మీద వచ్చే ప్రతి వీడియో ఇక్కడితో ఆగిపోతుంది: 'ప్రపంచంలోనే అతి పురాతన' అని పెద్ద అక్షరాలు, వెనక డమరుకం.

1973లో ఐ.కె. శర్మ పురావస్తు శాఖ తరఫున గర్భగుడి లోపల తవ్వారు. లింగం చుట్టూ నలుచదరంగా రాతి కంచె బయటపడింది. అంటే మొదట్లో ఇది ఆరుబయట ఉన్న దేవుడు. దాని మీది కాలాల్లో శాతవాహనుల నాటి పెద్ద ఇటుకలు, నల్ల-ఎరుపు పెంకులు. ఆ పైన పల్లవులు, బాణులు, చోళులు. గోడల మీద వాళ్ళ అరవ శాసనాలు. విక్రమ చోళుడి కాలంలో 1126లో గుడిని తిరిగి కట్టారు. ఏనుగు వీపు ఆకారంలో వెనక గుండ్రంగా తిరిగే గర్భగుడి ఇప్పుడు మనం చూస్తున్నది. బొమ్మకి పేరు కూడా మళ్ళీ పెట్టుకున్నారు: ఊళ్ళో వాళ్ళకి అది పరశురాముడు, కింద ఉన్నది చిత్రసేనుడు. గుడి పేరే పరశురామేశ్వరం.

నా మిత్రుడు ఒకాయన, ఇంజనీరు, మంచి చదువరి. చోళుల గోడలు జాగ్రత్తగా విప్పి పక్కన పెట్టి, లింగాన్ని, కంచెని ఆరుబయట ఉన్నది ఉన్నట్టు చూపిస్తే ప్రపంచం మొత్తం వస్తుందని ఆయన అభిప్రాయం. బోని కూడా ఇలాంటి మంచి ఉద్దేశంతోనే చేశాడు. నేనైతే ఒప్పుకోను. ఆ లింగం మీద చెక్కడం ఇప్పటికీ పొట్టేలు కొమ్ములు కనపడేంత పదునుగా ఉందంటే, ఆ మధ్యకాలం వాళ్ళు దాన్ని కదిలించకుండా, ఎత్తు పెంచకుండా, కొత్తది ప్రతిష్ఠించకుండా చుట్టూ గోడ లేపినందుకే. చుట్టుపక్కల నేల ఎత్తు పెరిగినా దేవుడు పాత మట్టంలోనే ఉండిపోయాడు. అందుకే మండపం నుంచి మెట్లు దిగి లోపలికి పోవాలి. గొడ్డలి పట్టిన శివుణ్ణి వెయ్యేళ్ళకి పైగా పాతవాడని తెలిసీ తెలియకుండానే వాళ్ళు కాపాడారు. శర్మ కూడా గోడలు ముట్టుకోలేదు. ఇప్పుడు చోళుల రాతి నేల మీద నిలబడి కిందికి చూస్తే కంచె కనపడుతుంది.

మా నాయన దేవుడికి దండం పెట్టుకుని బయటికొచ్చి, చాలాసేపు గర్భగుడి వెనకాలే ఉన్నాడు. వంపు తిరిగే చోట రాళ్ళ అతుకుల మీద వేలు పెట్టి పోనిచ్చాడు.

"రాతిని ఇట్లా తిప్పడం అంటే ప్రతి రాయికి అచ్చు వేరే చెయ్యాల" అన్నాడు. "ఈ గోడ మీద రాసిందాంట్లో, తిప్పినోడికి కూలి ఎంతిచ్చినారో ఉందా?"

"లేదు నాయనా. దీపానికి, నైవేద్యానికి ఎవరెవరు భూమి ఇచ్చినారో, అదుంది."

"ఉండదులే" అన్నాడు. "బిల్లు ఇంకా పాస్ అయ్యుండదు."